కల్లుముంతకి బోర్డెక్కడిది?

ఇంగ్లండులో కెంట్ అని ఒక జిల్లా. అక్కడ ఫావర్‌షామ్ ఊళ్లో షెపర్డ్ నీమ్ వారు తమ బీరు వ్యాపారం 1698 నాటిదని గొప్పగా చెప్పుకుంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో షెపర్డుల చేతికొచ్చింది, 1864లో నీమ్ ఇంటివాడొకడు వచ్చి చేరాడు. ఆ రెండిళ్ల పేర్లూ ఇప్పటికీ బోర్డు మీదే ఉన్నాయి.

మన చాగలమర్రి, ఆళ్లగడ్డ వైపు ఈడిగవారిదీ తాత తండ్రుల నాటి వృత్తే కదా! వాళ్లలో ఎవరైనా బోర్డు కట్టుకుని సంవత్సరం రాసుకున్నారా?

ఎందుకు రాసుకోలేదంటే, మొదటి తప్పు కల్లుదే. పొద్దున దించింది సాయంత్రానికే పులుపెక్కుతుంది, మర్నాటికి ముక్కు మూసుకోవాలి. బీరు సంగతి వేరు. హాప్స్ అనే తీగ పూలు వేసి కాస్తే నిలవుంటుంది. పీపాల్లో పోసి పై ఊళ్లకి పంపొచ్చు. మీకో ముచ్చట చెప్పనా? ఆ పూలు వాడుకలోకి రాకముందు, 1300 ప్రాంతాల్లో, ఇంగ్లండు పల్లెల్లో ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదేనట. ఇంట్లోకి కాచుకుని, మిగిలింది ఇరుగుపొరుగుకి అమ్మేవారు. నిలవుండే బీరొచ్చాక పెద్ద గంగాళాలూ, పెద్ద పెట్టుబడీ కావలసొచ్చాయి. 1600 నాటికి వ్యాపారం మగవాళ్లదైంది. మన జాడీలో ఆవకాయ కంపెనీ సీసాలోకి ఎక్కినట్టే లెండి.

రెండో తప్పు దొరలది. 1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది. గీసే ప్రతి చెట్టుకీ పన్ను. దుకాణం వేలంలో ఎక్కువ పాడినవాడిది. చెట్టు రైతుది, హక్కు సర్కారుది, లాభం గుత్తదారుది. ఈడిగాయనకి మిగిలింది మోకూ, కత్తీ, జారిపడితే విరిగే నడుమూ! సారా సంగతీ అంతే. ఊరి బట్టీలు మూయించి, సామర్లకోట దక్కన్ షుగర్ అండ్ అబ్కారీ కంపెనీ లాంటి పెద్ద కార్ఖానాలకి అప్పగించారు.

1938 అక్టోబరు 1న రాజాజీ ప్రభుత్వం కడప, చిత్తూరు జిల్లాల్లో మద్యనిషేధం పెట్టింది. కర్నూలు జిల్లాలో పెట్టలేదు. చాగలమర్రి అప్పుడు కర్నూలు జిల్లాకి చివర (2022 నుంచి నంద్యాల జిల్లా అనుకోండి), దాటితే కడప జిల్లా. ఇటు చెట్టు గీస్తే లైసెన్సు, అటు గీస్తే నేరం! అటువైపు వాళ్లలో కొందరిని సున్నం పూసిన కుండల్లో తీపి నీరు పట్టి బెల్లం కాచుకోమన్నారు. తాగుబోతు మొగుడున్న ఇల్లాలికి ఆ రోజు దసరాయే అయివుంటుంది. మరి ఆ పూట పొయ్యి ఆరిన ఈడిగ ఇల్లాలికో? ఇద్దరూ ఒకే వీధివాళ్లే అయివుండవచ్చు. అన్నట్టు, నిషేధంతో పోయిన రాబడి పూడ్చడానికే 1939లో అమ్మకపు పన్ను పుట్టించారు. మనం చీర బిల్లులో కట్టే జీఎస్టీకి అది ముత్తవ్వ వరస.

1948కి రాష్ట్రమంతా నిషేధం. దాని మీదే 1954లో ప్రకాశంగారి మంత్రివర్గం ఒక్క ఓటుతో పడిపోయింది. తర్వాత నిషేధం ఎత్తేశారు, వేలాలు మళ్లీ మొదలయ్యాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు చీపుళ్లు పట్టుకుని లేచింది ఆ గుత్తదారుల సారా మీద. ఏడాది తిరిగేసరికి, 1993 అక్టోబరు 1 నుంచి సారా రద్దయింది. నన్నడిగితే ఆ చీపుళ్లకే నా ఓటు. అలాగని కల్లు అమృతమనీ అనను. కానీ సారా చేసిన పాపాన్ని గీసేవాడి నెత్తిన రుద్దడం మాత్రం అన్యాయం.

చెట్టు గీసేవాడికే హక్కు అనే పద్ధతీ, గీత కార్మికుల సహకార సంఘాలూ చాలా ఆలస్యంగా వచ్చాయి. చెట్టు మీంచి పడి చనిపోతే ఎక్స్‌గ్రేషియా కూడా ఉంది. ఆ కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగవలసింది అతని భార్యే.