నైలు నది దారిలో సంఘం: ఐగుప్తు, నూబియా, ఇథియోపియాల పరస్పర బంధాలు

సంఘ చరిత్రను బోధించేటప్పుడు ఆఫ్రికాను రెండుగా విడదీయడం మన సెమినరీలలో ఒక అలవాటు. అలెక్సంద్రియ, కార్తేజు, ఒరిగెను, అగస్టీను మొదలైనవన్నీ ఆదిమ సంఘమనే పాఠంలో, మధ్యధరా సముద్రతీరపు చరిత్రగా వస్తాయి. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా మాత్రం పంతొమ్మిదవ శతాబ్దపు మిషనరీ ఉద్యమమనే పాఠంలో లివింగ్‌స్టన్ వెంట ప్రవేశిస్తుంది. సహారా దాటరాని గోడ అని, దానికి ఇరువైపులా ఉన్నవారు ఒకరినొకరు ఎరుగరని ఈ విభజన మనకు తెలియకుండానే నేర్పుతుంది. నైలు నది లోయ చరిత్ర ఈ అభిప్రాయాన్ని నిలువనీయదు. అక్కడి మూడు దేశాల ప్రజలు ఒకరి దేవాలయాలకు ఒకరు యాత్ర చేశారు, ఒకరి అక్షరాలను ఒకరు తీసుకున్నారు, ఆపదలో ఒకరికొకరు ఉత్తరాలు వ్రాసుకున్నారు.

మనకు బాగా తెలిసిన వాక్యభాగంతోనే మొదలుపెడదాం. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఫిలిప్పు బాప్తిస్మమిచ్చిన ఐతియొపీయుడు నేటి ఇథియోపియా దేశస్థుడని చాలామంది పాఠకులు అనుకుంటారు. ఆ కాలపు గ్రీకు వాడుకలో ఆ పేరు ఐగుప్తుకు దక్షిణాన ఉన్న నల్లజాతి ప్రజల దేశానికి, ముఖ్యంగా కూషు రాజ్యానికి చెల్లేది. కందాకే అనేది కూడా ఒక స్త్రీ పేరు కాదు, కూషు రాజవంశపు రాణులకు ఉన్న బిరుదు. ఆ రాజ్య రాజధాని మెరోయె నేటి సూడానులో, ఖార్తూముకు ఉత్తరాన నైలు ఒడ్డున ఉండేది. కనుక ఆ మంత్రి నూబియా ప్రాంతపు మనిషి. పాత నిబంధనలో హిజ్కియా కాలంలో అష్షూరు మీదికి బయలుదేరిన తిర్హాకా కూడా ఆ కూషు వాడే. అతడు క్రీ.పూ. 690 నుండి 664 వరకు ఐగుప్తును ఏలిన ఫరో. దక్షిణాది ప్రజలు ఉత్తరాదిని ఏలిన ఆ కాలాన్ని మన పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో దాటిపోవడం విచారకరం.

రాజ్యాధికారం పోయినా రాకపోకలు ఆగలేదు. ఐగుప్తు దక్షిణ సరిహద్దున, అస్వాన్ దగ్గర ఫిలే ద్వీపంలో ఐసిస్ దేవత ఆలయం ఉండేది. మెరోయె నుండి వచ్చిన యాత్రికులు అక్కడి గోడల మీద తమ లిపిలో శాసనాలు చెక్కించారు. ఆ లిపిని ఐగుప్తు లిపి ఆధారంగా కూషీయులే తమ భాషకు తగినట్టు మలచుకున్నారు. గ్రిఫిత్ అనే ఆంగ్లేయ పండితుడు 1911 నాటికి దాని ధ్వనులను చదవగలిగాడు గాని, ఆ భాష అర్థం నేటికీ చాలావరకు అంతుపట్టలేదు. రోము సామ్రాజ్యం క్రైస్తవమైన తర్వాత కూడా దక్షిణాది వారు ఫిలేకు యాత్ర మానలేదు. చివరికి ఆరవ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి ఆ ఆలయాన్ని మూయించాడు, అందులోనే స్తెఫను పేరిట ఒక చర్చి వెలిసింది. సువార్త దక్షిణానికి నడిచిన దారి, యాత్రికులు వందల ఏండ్లుగా నడిచిన దారే.

ఇక ఎత్తు భూములలోని అక్సుము రాజ్యం. నాల్గవ శతాబ్దంలో ఎజానా రాజు క్రైస్తవ విశ్వాసాన్ని స్వీకరించాడు. అంతకుముందు అతని నాణేలపై నెలవంక ఉండేది, తర్వాత సిలువ వచ్చింది. తూరు పట్టణం నుండి వచ్చి ఆ రాజ సంస్థానంలో పెరిగిన ఫ్రుమెంటియస్‌ను అతనాసియస్ అలెక్సంద్రియలో అభిషేకించి మొదటి బిషప్పుగా పంపాడు. అదే ఎజానా కూషు మీదా, నోబా ప్రజల మీదా చేసిన దండయాత్ర గురించి శాసనం వేయించాడు. పొరుగువారి మధ్య బంధమంటే స్నేహం మాత్రమే కాదు, కత్తి కూడా ఉంటుంది.

మెరోయె పతనమైన తర్వాత నూబియాలో నోబాదియా, మకూరియా, అల్వా అనే మూడు రాజ్యాలు ఏర్పడ్డాయి. వీటికి సువార్త చేరిన కథను ఎఫెసు యోహాను అనే సిరియా చరిత్రకారుడు వివరంగా వ్రాశాడు. క్రీ.శ. 543 ప్రాంతంలో చక్రవర్తి ఒక బృందాన్ని, రాణి థియోడోరా మరొక బృందాన్ని నూబియాకు పంపారు. కల్కెదోను సభ తీర్మానాలను భర్త సమర్థించాడు, భార్య వ్యతిరేకించింది. రాణి పంపిన జూలియన్ అనే పెద్దే ముందు చేరాడు. ఎండకు తాళలేక అతడు పగలంతా నీళ్ళున్న గుహలలో కూర్చొని ప్రజలకు బోధించేవాడట. తర్వాత వచ్చిన లాంగినస్ సుమారు 580లో అల్వాకు బయలుదేరాడు. మకూరియా రాజు దారి అడ్డగించగా ఎడారి చుట్టూ తిరిగి వెళ్ళాడు. అల్వాలో అతనికి కొందరు అక్సుము క్రైస్తవులు ఎదురయ్యారు. వారి సిద్ధాంతంలో దోషముందని అతడు వాదించి సరిదిద్దాడు. సిద్ధాంత వివాదం సంగతి అలా ఉంచితే, ఇథియోపియా విశ్వాసులు అప్పటికే నూబియా నడిబొడ్డున ఉన్నారనే విషయం నాకు ఎక్కువ విలువైనదిగా తోస్తుంది.

నూబియా క్రైస్తవులు గ్రీకు, కోప్తు, తమ సొంత నూబియన్, ఈ మూడు భాషలలో ఆరాధించారు, వ్రాశారు. వారి లిపి గ్రీకు అక్షరాల నుండి, కొన్ని కోప్తు అక్షరాల నుండి వచ్చింది. రెండక్షరాలు మాత్రం పాత మెరోయె లిపి నుండి వచ్చినట్టు పండితులు గుర్తించారు. కొత్త విశ్వాసం వచ్చినా తమ పూర్వుల అక్షరాలను వారు పూర్తిగా విడువలేదు. అస్వాన్ ఆనకట్ట నీటిలో మునగబోతున్న ఫరస్ పట్టణంలో 1961 నుండి 1964 వరకు మిఖాలోవ్‌స్కీ నాయకత్వాన పోలండు బృందం త్రవ్వగా, ఇసుకలో పూడుకుపోయిన పెద్ద చర్చి, దాని గోడలపై నూటికి పైగా చిత్రాలు బయటపడ్డాయి. ఒక చిత్రంలో పదవ శతాబ్దపు బిషప్పు పెట్రోస్ నల్లని ముఖంతో నిలిచి ఉండగా, అతని వెనుక అపొస్తలుడైన పేతురు లేత రంగులో నిలిచి అతని భుజాలపై చేతులుంచాడు. ఆ చిత్రాలను వార్సా, ఖార్తూము మ్యూజియాలు పంచుకున్నాయి. 2023లో మొదలైన సూడాను యుద్ధంలో ఖార్తూము మ్యూజియం దోపిడీకి గురైంది.

ఏడవ శతాబ్దంలో అరబ్బులు ఐగుప్తును జయించినా నూబియా లొంగలేదు. 652లో ఇరుపక్షాలకు బక్తు అనే ఒడంబడిక కుదిరింది. దాని ప్రకారం నూబియా ఏటా బానిసలను పంపేది, తర్వాతి అరబ్బు రచయితలు 360 మందని లెక్క చెప్పారు. ఐగుప్తు నుండి ధాన్యం, వస్త్రాలు వచ్చేవి. క్రైస్తవ రాజ్యం మనుషులను ఇచ్చి శాంతిని కొనుక్కుంది, ఈ మచ్చను కప్పిపెట్టి ఆ సంఘాన్ని పొగడడం న్యాయం కాదు.

పదవ శతాబ్దం చివరి సంగతి ఒకటి అలెక్సంద్రియ పాత్రియార్కుల చరిత్రలో నమోదై ఉంది. ఒక రాణి చర్చిలను కాల్చి, దేశాన్ని పాడుచేయగా ఇథియోపియా రాజు కష్టంలో పడ్డాడు. బిషప్పు లేడు, పాత్రియార్కుతో సంబంధం చెడింది. అప్పుడతడు నూబియా రాజైన గెయోర్గియోస్‌కు ఉత్తరం వ్రాసి, తన పక్షంగా అలెక్సంద్రియతో మాట్లాడమని వేడుకున్నాడు. గెయోర్గియోస్ అలాగే వ్రాశాడు. పాత్రియార్కు ఫిలొతెయు, మకారియు మఠానికి చెందిన దానియేలు అనే సన్యాసిని బిషప్పుగా పంపాడు. ఐగుప్తు మఠం, నూబియా రాజు, ఇథియోపియా సంఘం ఒకే సంఘటనలో కలవడానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం నాకు కనబడలేదు.

తర్వాత నూబియా క్షీణించింది. దొంగోలా పట్టణంలోని రాజభవనపు సభామందిరం 1317లో మసీదు అయింది. అలెక్సంద్రియ నుండి బిషప్పులు రావడం ఆగిపోయింది. 1520 నుండి 1526 వరకు ఇథియోపియాలో ఉన్న పోర్చుగీసు పాదిరి అల్వారెస్, నూబియా నుండి వచ్చిన రాయబారులను చూశానని వ్రాశాడు. తమ దేశంలో బోధించేవారు లేరు, గురువులను పంపమని వారు లెబ్నా దెంగెల్ రాజును అడిగారు. తన బిషప్పు కూడా అలెక్సంద్రియ నుండి వచ్చినవాడే, ఇతరుడు తనకిచ్చినవారిని తానెలా ఇవ్వగలనని రాజు జవాబిచ్చాడు. అయిదు వందల ఏండ్ల క్రితం తన పూర్వులు ఇదే అవసరంతో నూబియా తలుపు తట్టిన సంగతి అతనికి తెలుసో లేదో. రాయబారులు వట్టి చేతులతో తిరిగి వెళ్ళారు. ఇథియోపియా సంఘం తన సొంత పాత్రియార్కును పొందినది 1959లో. నూబియాలో అప్పటికి కొన్ని వందల ఏండ్లుగా సంఘమే లేదు.