వేదాంత విద్యా ప్రాంగణంలో ‘పరాయి’ విద్యార్థి: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతం నుండి ఒక చారిత్రక పరిశీలన

“అంతర్జాతీయ విద్యార్థి”, “బహుళత్వం” అనే మాటలు నేడు విశ్వవిద్యాలయాల ప్రకటనలలో తరచుగా కనిపిస్తున్నాయి. వేదాంత కళాశాలలు కూడా వాటిని తమ ప్రాస్పెక్టసులలో చేర్చుకుంటున్నాయి. మాట కొత్తదే గాని విషయం పాతది. భాష, కులం, సంఘశాఖ, దేశం వేరైన యువకులు ఒకే కప్పు క్రింద చదువుకొని, ఒకే బల్ల దగ్గర భోజనం చేయడం తెలుగు దేశంలో ఏ పరిస్థితులలో సాధ్యమైంది? ఈ ప్రశ్నను హైదరాబాదులో కూర్చొని కాక, కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతం నుండి చదువు కోసం బయలుదేరే విద్యార్థి వైపు నుండి అడగడమే ఈ వ్యాస ఉద్దేశం.

2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా ఏర్పడే వరకు ఈ రెండు ఊళ్ళూ నిజామాబాదు జిల్లాలోనివి. నిజాం కాలంలో ఇక్కడ ఇంట్లో తెలుగు, కచేరీలో ఉర్దూ. ఎల్లారెడ్డి చుట్టుప్రక్కల తండాలలో లంబాడీ వినిపిస్తుంది. పడమరగా జుక్కల్, మద్నూరు వైపు వెళితే మరాఠీ, కన్నడం కూడా వినిపిస్తాయి. సంతకు వెళ్ళినవాడు రెండు మూడు భాషలలో బేరం చేసి తిరిగి వస్తాడు. కాబట్టి బహుళత్వం ఈ ప్రాంతం వారికి పట్నం వెళ్ళి నేర్చుకోవలసిన పాఠం కాదు. వారు పట్నంలో క్రొత్తగా నేర్చుకున్నది మరొకటి: తమ రాజధానిలో తామే పరాయివారు కావడం.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ బోధనా భాషగా వెలిసింది. ఆధునిక శాస్త్రాలను ఒక భారతీయ భాషలో విశ్వవిద్యాలయ స్థాయిలో బోధించిన ఘనత దానికి ఉంది. ఆ ఘనతను తగ్గించనవసరం లేదు. ఉత్తరాది నుండి ఉర్దూ పండితులు వచ్చారు. ఇంగ్లీషు బోధించడానికి ఆంగ్లేయుడైన స్పైట్ వచ్చాడు. ప్రాంగణ నిర్మాణానికి బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ వచ్చాడు. దేశదేశాల వారికి చోటున్న ఆ ప్రాంగణంలో, రాజ్యంలోని అత్యధికుల భాషయైన తెలుగు బోధనా భాష కాలేకపోయింది. 1938లో వసతిగృహాలలో వందేమాతరం పాడినందుకు బహిష్కృతులైన విద్యార్థులను నాగపూరు విశ్వవిద్యాలయం చేర్చుకున్నది. వారిలో పి.వి. నరసింహారావు ఒకరు. ఒక ప్రాంగణం వెళ్ళగొట్టిన వారిని మరొక భాషాప్రాంతపు ప్రాంగణం ఆహ్వానించింది. బయటి విద్యార్థులకు తలుపు తెరవడం అంటే ఏమిటో మన ఇటీవలి చరిత్రలో ఇంత స్పష్టంగా చూపే ఘట్టం అరుదు.

ఇక క్రైస్తవ సంఘం సంగతి. కామారెడ్డి ప్రాంత క్రైస్తవుడు మెథడిస్టు సంప్రదాయంలో ఎందుకు పెరిగాడు? అతడు వెస్లీ ప్రసంగాలను చదివి ఎన్నుకొన్నందువల్ల కాదు. మెదక్ కేంద్రంగా పనిచేసినది బ్రిటిషు వెస్లియన్ మిషను అయినందువల్ల. అతడు నల్గొండలోనో పాలమూరులోనో పుట్టి ఉంటే అమెరికన్ బాప్టిస్టు అయ్యేవాడు. కాకినాడలో అయితే కెనడియన్ బాప్టిస్టు, గుంటూరులో అయితే అమెరికన్ లూథరన్, కడపలో అయితే లండన్ మిషను, బీదరు వైపు అయితే అమెరికన్ మెథడిస్టు. మిషన్లు పోటీ పడకుండా క్షేత్రాలను పంచుకొన్న ఏర్పాటు అది. దాని ఫలితంగా తెలుగు క్రైస్తవుల మధ్య ఇంగ్లండుకు, అమెరికాకు, కెనడాకు మధ్యనున్న సరిహద్దులు గీయబడ్డాయి. ఒక్క సముద్రమైనా దాటని పల్లెవాసి ఒక విదేశీ సంఘశాఖ పౌరుడయ్యాడు.

దీనికి భిన్నమైన మాట ముందే పలికినవారు లేకపోలేదు. 1818లో స్థాపితమై, 1827లో డెన్మార్కు రాజు చార్టరు పొందిన సెరాంపూర్ కళాశాల కులం, వర్ణం, దేశం ఏదైనా విద్యార్థికి ద్వారం మూయరాదన్న నియమం పెట్టుకొన్నది. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1907లో టోక్యోలో జరిగిన ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య సమావేశానికి వెళ్ళారు. రెండేళ్ళకు నైజాం రాజ్యంలోని దోర్నకల్లుకు మిషనెరీగా వచ్చి తెలుగు నేర్చుకొన్నారు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో పాశ్చాత్య మిషనెరీలను ఆయన అడిగినది ధనం కాదు, త్యాగం కాదు, స్నేహం. ఆ ప్రసంగాన్ని తెల్లవారికి భారతీయుడు చేసిన విన్నపంగానే మన తరగతులలో బోధిస్తున్నాము. ఒక తమిళుడు తెలుగు పల్లెకు అతిథిగా వచ్చి నిలిచిన అనుభవం కూడా దాని వెనుక ఉన్నదని గుర్తిస్తే, ఆ ప్రశ్న మన వైపుకు కూడా తిరుగుతుంది. 1912 డిసెంబరు 29న ఆయన బిషప్పుగా అభిషేకం పొందారు.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆంగ్లికనులు, బ్రిటిషు మెథడిస్టులు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంప్రదాయాల వారు కలిశారు. బాప్టిస్టులు, లూథరనులు వెలుపలే ఉండిపోయారు. బిషప్పుల సభలు చేయలేకపోయిన పనిని ఒక కళాశాల కొంతవరకు చేసింది. 1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజి ప్రారంభమైంది. దోర్నకల్, రామాయపట్నం, కాకినాడ, లూథర్‌గిరిలలో వేర్వేరుగా సాగిన ఉన్నత వేదాంత విద్య అక్కడ ఒకటైంది. 1970ల ఆరంభంలో కళాశాల హైదరాబాదుకు తరలింది. విదేశీ విద్యార్థి ఒక్కడూ చేరకపోయినా అది ఒక విధంగా అంతర్జాతీయ ప్రాంగణమే. ఎందుకంటే బ్రిటన్, అమెరికా, కెనడా మిషన్ల వారసులు ఒకే తరగతిలో కూర్చున్నారు, అందరూ తెలుగువారే.

ఈ కలయిక సులభమైనదని భావించరాదు. బాప్టిస్టు విద్యార్థి దృష్టిలో ప్రక్క మంచం మీది మిత్రుడు శిశువుగా పొందినది బాప్తిస్మమే కాదు. బిషప్పు హస్తనిక్షేపణ లేని అభిషేకం చెల్లుతుందా అనేది మరొకరి సందేహం. ప్రభుభోజనపు రొట్టెలో క్రీస్తు సన్నిధిని గూర్చి లూథరను విద్యార్థి పట్టుదల వేరు. వీరందరినీ కలిపిన బలం సిద్ధాంత గ్రంథాల కంటె ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఎక్కువగా ఉన్నదని నా అభిప్రాయం. కళాశాల ఒకటి కావడానికి చాలా కాలం ముందే పాట ఒకటైంది.

సంఘశాఖల తేడా వెనుక మరొక తేడా దాగి ఉంది. మన సంఘ చరిత్రలు దాన్ని రెండు వాక్యాలలో ముగించి ముందుకు సాగుతుంటాయి. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన ఒంగోలు బాప్టిస్టు క్షేత్రంలో మాదిగలు అధికులు. గుంటూరు లూథరను సంఘాలలో మాలలు ఎక్కువ. అంటే మిషను సరిహద్దు అనేక చోట్ల కులపు సరిహద్దుతో కలిసి నడిచింది. ఐక్య కళాశాలలో భోజనపు బల్ల చుట్టూ చేరినది సిద్ధాంత భేదాలు మాత్రమే కాదు. 1980ల ఆరంభంలో బెంగుళూరులోని యునైటెడ్ థియలాజికల్ కళాశాలలో అరవింద్ నిర్మల్ గారు దళిత వేదాంతానికి పునాది వేసినప్పుడు, ఆ భోజనశాలల మౌనానికి ఒక భాష దొరికింది. దూరదేశపు అతిథికి ఆదివారం విందు చేయడం ఏ ప్రాంగణానికీ కష్టం కాలేదు. పొరుగు పేటవాడితో గది పంచుకోవడం కష్టమైంది.

విదేశీ బోధకులు కాలక్రమేణా తగ్గిపోయారు. స్వాతంత్ర్యానంతరం మిషనెరీల వీసాలు కఠినమయ్యాయి, సంఘాలు కూడా స్వంత నాయకత్వాన్ని కోరుకొన్నాయి. ప్రయాణం దిశ మారింది. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో పరిశోధన చేసిన విక్టర్ ప్రేమసాగర్ గారు ఎ.సి.టి.సి.కి ప్రిన్సిపాలుగా, 1983 నుండి 1992 వరకు మెదక్ బిషప్పుగా పనిచేశారు. కామారెడ్డి, ఎల్లారెడ్డి సంఘాలు ఆ మెదక్ అధ్యక్ష మండలంలోనివే. నేడు ఆ ప్రయాణం ప్రవాహమైంది. 2023-24లో అమెరికాలో చదివే భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. చైనాను దాటి మొదటి స్థానం మనది. గల్ఫులో కూలికి వెళ్ళినవారి కుటుంబాలు ఈ జిల్లా పల్లెపల్లెనా ఉన్నాయి. పరదేశంలో గది అద్దెకు దొరకని బాధను, పేరు సరిగా పలకని అధికారిని గూర్చి సంఘ కాపరి ఇప్పుడు ఫోనులో వింటున్నాడు.

ఇంటి వైపు ఒక లెక్క మిగిలి ఉంది. సెరాంపూర్ విధానంలో బి.టి.హెచ్. ప్రాంతీయ భాషలలో చదవవచ్చు, బి.డి. ప్రధానంగా ఇంగ్లీషులో సాగుతుంది. ఎల్లారెడ్డి ప్రక్క తండా నుండి వచ్చిన యువకుడు తెలుగు ఒక పరభాషగా, ఇంగ్లీషు మరొక పరభాషగా నేర్చి, ఆపైన హెబ్రీ, గ్రీకు అక్షరాలు దిద్దుతాడు. ప్రసంగశాస్త్రపు తరగతిలో అతని చేత తెలుగులో ప్రసంగం చెప్పిస్తారు, దాని మీదనే మార్కులు వేస్తారు. సెలవులకు అతడు తండాకు వెళ్ళి అదే ప్రసంగం చేస్తాడు. కూటం ముగిశాక ముందు వరుసలోని ముసలమ్మ అతడిని ప్రక్కకు పిలిచి, అసలు సంగతి ఏమిటో లంబాడీలో మళ్ళీ అడుగుతుంది.