ఐదు నిమిషాల సగటు

కంప్యూటర్ల పనితీరును కనిపెట్టి చూసే డాష్‌బోర్డుల చరిత్రను మామూలుగా ఒక ఎదుగుదల కథగా చెబుతారు. మొదట మిణుకుమిణుకుమనే దీపాలు, తర్వాత నల్ల తెర మీద అంకెలు, ఆ పైన బ్రౌజర్‌లో గ్రాఫులు, ఇప్పుడు గోడకు బిగించిన టీవీ మీద రంగురంగుల గడులు. ఈ కథలో అబద్ధమేమీ లేదు గానీ అసలు సంగతి ఇందులో జారిపోతుంది. ఈ రంగంలో గట్టిగా నిలబడిన పనిముట్లలో చాలావరకు ఎవరో ఒకరు తమ ముందున్న ఒక ఇబ్బంది కోసం సొంతంగా కట్టుకున్నవే. అవి నలుగురికీ నచ్చి నాలుగు చోట్లకూ చేరేసరికి, వాటిని పుట్టించిన ప్రశ్న రాలిపోయింది. ఆ ప్రశ్న కోసం చేసుకున్న సర్దుబాట్లు మాత్రం ఎవరూ తిరిగి చూడని డిఫాల్ట్ సెట్టింగులుగా మిగిలాయి. సొంత డాష్‌బోర్డు కట్టుకోవడం తీరిక ఉన్నవాళ్ల సరదా అనీ, మార్కెట్లో దొరికేది తెచ్చి పెట్టుకుంటే చాలనీ అనేవాళ్లు ఈ చరిత్రను ఒకసారి దగ్గరగా చూడాలి.

1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360 యంత్రాల ముందు పలక నిండా చిన్న దీపాలుండేవి. రిజిస్టర్లలో ఏముందో అవి బిట్టుబిట్టుగా చూపేవి. యంత్రం ఎక్కడ ఆగిందో ఆ దీపాలు చదవగలిగిన ఇంజినీరుకు తెలిసేది, మిగతావాళ్లకు అది అలంకారమే. ఒకే యంత్రాన్ని చాలామంది పంచుకునే రోజులు వచ్చాక, యంత్రం మీద ఇప్పుడు ఎంత ఒత్తిడి ఉందన్నది ముఖ్యమైంది. టెనెక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో లోడ్ యావరేజ్ అందుకు పనికొచ్చింది: సీపీయూ కోసం సగటున ఎన్ని ప్రాసెస్‌లు సిద్ధంగా ఉన్నాయో చెప్పే ఒక్క అంకె. 1973 జూలైలో టెనెక్స్ యంత్రాల మీద ఈ అంకె ఎలా ఉండిందో చూపుతూ ఆర్‌ఎఫ్‌సీ అనే రకపు సాంకేతిక పత్రం ఒకటి కూడా వెలువడింది. ఆ అంకె యూనిక్స్‌లోకి, అక్కడి నుంచి లైనక్స్‌లోకి వచ్చింది. 1993లో లైనక్స్‌లో ఒక చిన్న మార్పు చేసి, సీపీయూ కోసం నిలబడ్డ ప్రాసెస్‌లతోపాటు డిస్కు వంటివాటి కోసం కదలకుండా ఎదురుచూసేవాటినీ ఆ లెక్కలో కలిపారు. కాబట్టి లైనక్స్ సర్వర్‌లో లోడ్ 40 అని కనబడితే సీపీయూకు ఊపిరాడటం లేదని అర్థం కావచ్చు, లేదా సీపీయూ ఖాళీగా ఉండి డిస్కు చతికిలబడిందనీ కావచ్చు. ఇవాళ తయారుగా దొరికే సర్వర్ డాష్‌బోర్డుల్లో ఈ అంకెకు తరచుగా పై వరసలోనే చోటు దొరుకుతుంది. ఆ మార్పు సంగతి పక్కన రాసి పెట్టినవి మాత్రం అరుదు.

నెట్‌వర్క్ పరికరాల దారి వేరు. 1983 డిసెంబరులో మైక్ మూస్ అమెరికా సైన్యపు బాలిస్టిక్ పరిశోధనశాలలో ఒక నెట్‌వర్క్ చిక్కు విప్పడానికి పింగ్ రాశాడు. అవతలి యంత్రం పలుకుతుందా లేదా అన్నదే దాని పని. 1988లో, పరికరాల స్థితిని నెట్‌వర్క్ మీదుగా అడిగి తెలుసుకునే ఎస్‌ఎన్‌ఎంపీ ప్రమాణం వచ్చింది. అప్పటి రౌటర్లలో మెమరీ తక్కువ, శక్తి తక్కువ. అందుకే ఎస్‌ఎన్‌ఎంపీ పరికరం నెత్తిన పెద్ద బరువు పెట్టలేదు: ఇప్పటివరకు ఎన్ని బైట్లు వచ్చాయో లెక్కబెడుతూ పోవడమే పరికరం పని, వేగం ఎంతో తేల్చుకోవడం అడిగేవాడి పని. ఆ రోజులకు అది తెలివైన ఏర్పాటే. కానీ ఆ లెక్క 32 బిట్ల కౌంటర్‌లో ఉండేది. సెకనుకు 100 మెగాబిట్ల లింకు నిండుగా పారితే ఆ కౌంటర్ ఆరు నిమిషాలు నిండకముందే మళ్లీ సున్నాకు వస్తుంది, గిగాబిట్ లింకు మీదైతే 34 సెకన్లు చాలు. 64 బిట్ల కౌంటర్లు తర్వాత వచ్చాయి. పాత కౌంటర్‌నే అడుగుతున్న గ్రాఫు మాత్రం తాను తప్పు చెబుతున్నానని ఎక్కడా చెప్పదు, నున్నటి గీతే గీస్తుంది.

1990ల మొదట్లో పెద్ద సంస్థలు కొనుక్కున్న హెచ్‌పీ ఓపెన్‌వ్యూ వంటి సాఫ్ట్‌వేర్లు పింగ్‌నూ ఎస్‌ఎన్‌ఎంపీనీ కలిపి నెట్‌వర్క్ పటం గీసి, పలికిన పరికరానికి ఆకుపచ్చ, పలకనిదానికి ఎరుపు పూశాయి. పలకడం వేరు, పని చేయడం వేరు అన్న తేడా ఆ రంగుల్లో కలిసిపోయింది. ఇది కంప్యూటర్లకే పట్టిన తెగులు కాదు. 1979లో త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక వాల్వ్ తెరుచుకునే ఉండిపోయినా, కంట్రోల్ రూమ్‌లో దాని దీపం ఆరిపోయింది. వాల్వ్‌కు మూసుకోమన్న సంకేతం వెళ్లిందా లేదా అన్నదే ఆ దీపం చెప్పేది, మూసుకుందా లేదా అన్నది కాదు. ఆపరేటర్లు రెండోదే చెబుతోందనుకున్నారు. దీపాన్ని అమర్చినవాళ్లకు ఏ తీగ మీది సంకేతం తేలిగ్గా దొరికిందో దాన్నే కొలిచారు. పరికరాల డాష్‌బోర్డుల్లో నేటికీ జరుగుతున్నది చాలావరకు ఇదే.

ఈ చరిత్రలో ఆగి చూడవలసిన ఘట్టం 1994 నాటి ఇంగ్లండులోని లెస్టర్‌లో ఉంది. అక్కడి డి మాంట్‌ఫర్ట్ విశ్వవిద్యాలయానికి బయటి ఇంటర్నెట్‌తో ఉన్న సంబంధం ఒకే ఒక్క 64 కిలోబిట్ల లింకు. దాని మీద ఆధారపడ్డ కంప్యూటర్లు వెయ్యికి పైమాట. ఇంకో ఏడాదిదాకా అంతకంటే మంచి లింకు వచ్చే ఆశ లేదు. అక్కడ పని చేస్తున్న టోబియాస్ ఓటికర్ లింకును పెంచలేడు గనుక, కనీసం దాని పరిస్థితి ఎలా ఉందో వాడుకునేవాళ్లకు చూపిద్దామనుకున్నాడు. పెర్ల్‌లో ఒక స్క్రిప్టు రాశాడు. అది ఎస్‌ఎన్‌ఎంపీతో రౌటర్‌ను అడిగి, వచ్చిన లెక్కను బొమ్మగా గీసి వెబ్ పేజీలో పెట్టేది. అదే ఎంఆర్‌టీజీ. 1995 వసంతంలో అతను దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాక డేవ్ రాండ్ అందులో నెమ్మదిగా నడిచే భాగాన్ని సీ భాషలో తిరగరాసి పంపాడు. 1997లో రెండో వెర్షన్ వచ్చేటప్పటికి అది ప్రపంచమంతా పాకుతోంది. ఆ పేజీ చూడవలసింది ఇంజినీర్లు కాదు, నెట్ ఎందుకు నెమ్మదించిందని విసుక్కునే క్యాంపస్ జనం. సొంత డాష్‌బోర్డు అంటే అర్థం ఇదే అని నేననుకుంటాను: ఎవరికి, ఏ ప్రశ్నకు, ఏ నిర్ణయానికి అన్న మూడూ తెలిసి గీసిన బొమ్మ.

అయిదు నిమిషాలకొకసారి అడగడం ఎంఆర్‌టీజీ అలవాటు. రోజంతా కిక్కిరిసి ఉండే సన్నని లింకుకు ఆ సగటు సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ రద్దీ గంటల తరబడి సాగేది. డిస్కు నిండకుండా ఉండేందుకు, పాత లెక్కలను ఇంకా పెద్ద సగటుల్లోకి కుదించి ఫైలు పరిమాణం ఎప్పటికీ పెరగని ఉపాయం కూడా ఓటికర్ చేశాడు. 1999లో అదే ఉపాయాన్ని విడదీసి ఆర్‌ఆర్‌డీటూల్‌గా విడుదల చేశాడు. 2001లో వచ్చిన కాక్టై దాని మీదే నిలబడింది, ఇంకా ఎన్నో పనిముట్లు దాన్ని పునాదిగా వాడుకున్నాయి. అలా లెస్టర్ లింకు కోసం కుదిరిన అయిదు నిమిషాలు, గిగాబిట్ లింకులున్న డేటా సెంటర్లలో కూడా కూర్చున్నాయి. అక్కడ లెక్క తలకిందులవుతుంది. మిగతా సమయమంతా ఖాళీగా ఉన్న ఒక లింకు పది సెకన్లపాటు పూర్తిగా నిండిపోయి ప్యాకెట్లు రాలిపోతే, 300 సెకన్ల సగటులో అది 3.3 శాతంగా తేలుతుంది. గ్రాఫు చూసినవాడు లింకు నిద్రపోతోందంటాడు, ఆ పది సెకన్లలో చెల్లింపు తెగిపోయినవాడు సైటు చచ్చిపోయిందంటాడు. ఇద్దరిదీ నిజమే. పైగా గరిష్ఠాన్ని విడిగా దాచమని ముందే చెప్పకపోతే, కాలం గడిచేకొద్దీ పాత శిఖరాలు సగటులో కరిగి పొట్టివైపోతాయి. దాన్ని నమ్ముకుని పోయినేడు కంటే ఈ ఏడు రద్దీ ఎక్కువైందని తీర్మానించడం ఎంత సులభమో చెప్పనక్కర్లేదు. తప్పు ఓటికర్‌ది కాదు. అతని జవాబును తీసుకుని అతని ప్రశ్నను వదిలేసినవాళ్లది.

ఆ తర్వాతి పనిముట్ల పుట్టుక కూడా ఇదే తీరున సాగింది, కాబట్టి త్వరగా చెప్పుకోవచ్చు. ప్రయాణ టికెట్లమ్మే ఆర్బిట్జ్‌లో క్రిస్ డేవిస్ 2006లో గ్రాఫైట్ మొదలుపెట్టాడు. సంగీతపు సైటు సౌండ్‌క్లౌడ్‌లో, ఉన్న పనిముట్లు తమ సేవల సంఖ్యకు చాలక, అంతకుముందు గూగుల్‌లో పని చేసి వచ్చిన మ్యాట్ ప్రౌడ్, జూలియస్ వోల్జ్ 2012లో ప్రోమీథియస్ మొదలుపెట్టారు. స్వీడన్‌కు చెందిన టోర్కెల్ ఓడెగార్డ్ సిస్టమ్ లాగ్‌ల కోసం తయారైన కిబానా 3 కోడ్‌ను తీసుకుని గ్రాఫైట్ లెక్కలకు మళ్లించి, 2014 జనవరిలో గ్రఫానా పేరుతో బయటపెట్టాడు. గ్రఫానాతో కథ మలుపు తిరిగింది. కోడు రాయకుండానే ఎవరైనా గంటలో డాష్‌బోర్డు కట్టుకోవచ్చు, వేరొకరు కట్టినదాన్ని దించుకుని తగిలించుకోవచ్చు. చేతికి అందని పని చేతికందింది, కానీ అసలు ప్రశ్న అడగకుండానే నలభై గ్రాఫులు పెట్టుకునే వీలు కూడా అప్పుడే వచ్చింది. మెషీన్‌లో దొరికే ప్రతి కొలతకూ ఒక గడి ఇచ్చి దాన్ని సొంత డాష్‌బోర్డు అనడం, దుకాణంలో సరుకు మొత్తం బండికెత్తించి దాన్ని వంట అనడం లాంటిది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. పరికరాలను తయారుచేసే, వాటిని పర్యవేక్షించే సాఫ్ట్‌వేర్ అమ్మే సంస్థలకు వేలమంది కస్టమర్ల అనుభవం ఉంటుంది. ఒక ఆఫీసులోని ఇద్దరు అడ్మిన్‌లు వాళ్లకంటే బాగా ఏం కట్టగలరు? ఈ వాదనలో బలముంది. నేటి జోహో 1996లో అడ్వెంట్‌నెట్‌గా పుట్టినప్పుడు చేసింది ఎస్‌ఎన్‌ఎంపీ పనిముట్లే, అన్నేళ్ల తర్ఫీదును ఇద్దరు మనుషులు వారాంతంలో సంపాదించలేరు. పరికరం నుంచి లెక్కలు లాగడం, ఏ మోడల్‌కు ఏ సెన్సర్ ఉందో తెలుసుకోవడం, ఉష్ణోగ్రత ఎంత దాటితే ప్రమాదమో చెప్పడం, వీటికి తయారు సరుకే మేలు. కానీ ఆ సరుకుకు తెలిసేది స్విచ్ గురించి. ఆ స్విచ్ వెనక ఉన్నది ఆసుపత్రి ల్యాబ్ రిపోర్టులా, కాలేజీ హాస్టల్ వైఫైయా అన్నది దానికి తెలియదు. ఏది ఎంతసేపు ఆగితే ఎవరికి నష్టమో తెలిసినవాళ్లు ఆ ఇద్దరు అడ్మిన్‌లే. సేకరణ కొనుక్కోవచ్చు, ఎంపిక కొనుక్కోలేం.

ఇంకొందరు, డాష్‌బోర్డు ఎవరు చూస్తారు, అలర్టు వస్తే చాలదా అంటారు. 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య ప్రాంతంలో, కెనడాలో కలిపి దాదాపు 5 కోట్లమందికి కరెంటు పోయింది. ఆ రోజు మధ్యాహ్నం 2:14కు ఓహాయోలోని ఫస్ట్‌ఎనర్జీ కంట్రోల్ రూమ్‌లో అలారం సాఫ్ట్‌వేర్ ఒక బగ్ వల్ల మొరాయించింది. ఆగిపోయానని అది ఎవరికీ చెప్పలేదు. లైన్లు ఒకటొకటిగా పడిపోతున్నా ఆపరేటర్లు గంటకు పైగా మౌనాన్నే క్షేమంగా తీసుకున్నారు. అలర్టు మీదే ఆధారపడేవాళ్లకు, ఏమీ జరగలేదు కనుక వచ్చిన నిశ్శబ్దానికీ, చెప్పేవాడే పడిపోతే వచ్చిన నిశ్శబ్దానికీ తేడా తెలియదు. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 నిల్వ సేవ కూలినప్పుడు ఇదే మరో రూపంలో కనబడింది: సేవల ఆరోగ్యం చూపే వాళ్ల పేజీని మార్చే ఏర్పాటే ఎస్3 మీద ఆధారపడి ఉంది, అందుచేత కాసేపు అక్కడ అంతా ఆకుపచ్చే. ఈ విషయంలో ప్రోమీథియస్ పద్ధతి నాకు నచ్చుతుంది. అదే వెళ్లి పరికరాన్ని అడుగుతుంది, జవాబు రాకపోతే రాలేదన్నది కూడా ఒక సున్నాగా నమోదవుతుంది. అయితే ప్రోమీథియస్సే పడిపోతే? దాన్ని చూసే కన్ను వేరే యంత్రం మీద, వీలైతే వేరే లింకు మీద ఉండాలి.

కట్టినవాడు ఉద్యోగం మారగానే సొంత డాష్‌బోర్డు అనాథ అవుతుందన్నది మూడో అభ్యంతరం, నా లెక్కలో అన్నిటికంటే బలమైనది. కట్టేవాడూ చూసేవాడూ ఒకరు కానప్పుడు ఇది మరీ నిజం. అమెరికాలో ఎవరో కట్టిన గ్రాఫులను హైదరాబాదులో రాత్రి షిఫ్టు ఇంజినీరు చూస్తుంటాడు. గీత పైకి లేచింది, దాన్ని చూసి భయపడాలా వద్దా అన్నది కట్టినవాడి తలలో ఉండిపోయింది. దీనికి విరుగుడు డాష్‌బోర్డు మానేయడం కాదు, చిన్నదిగా కట్టి, ప్రతి గడి కింద అది ఏ ప్రశ్నకు జవాబో, గీత దాటితే ఎవరిని లేపాలో రాసిపెట్టడం. గూగుల్ ఇంజినీర్లు 2016లో తెచ్చిన ఎస్‌ఆర్‌ఈ (సైట్ రిలయబిలిటీ ఇంజినీరింగ్) పుస్తకం, నాలుగే కొలవగలిగితే ఈ నాలుగూ కొలవమంది: జవాబుకు పట్టే సమయం, వచ్చే రద్దీ, తప్పులు, నిండుదల. నాలుగే ఎందుకని వాదించవచ్చు. కానీ అందులో మొదటి మూడూ వాడేవాడి వైపు నుంచి చూసినవి, సీపీయూ శాతం లాంటిది నాలుగో దాని కిందికి వస్తుంది. జవాబు సమయంలోనూ సగటు నమ్మదగదు. ఒక పేజీ తెరవడానికి వంద సర్వర్లను అడగాల్సి వస్తే, ఒక్కో సర్వర్ వందలో ఒక్కసారే సెకను దాటినా, పేజీల్లో 63 శాతం సెకనుకు పైగా ఆగుతాయి. జెఫ్ డీన్, లూయిజ్ బరోసో 2013లో ఈ లెక్క చూపాక, ఒక్కో సర్వర్ సగటు బాగుందన్న మాటకు పెద్ద విలువ లేకుండా పోయింది.

సగటు వద్దు, ప్రతిదీ విడివిడిగా దాచుకుందామంటే ఖర్చు ఎదురొస్తుంది. ప్రోమీథియస్‌లో ఒక కొలతకు కొత్త లేబుల్ తగిలిస్తే, దాని ప్రతి విలువకూ వేరే వరస పుడుతుంది. సైటు వాడేవాడి నంబరును లేబుల్‌గా పెట్టారంటే మెమరీ గంటల్లోనే నిండిపోవచ్చు. ఎస్‌ఎన్‌ఎంపీ కాలంలో బీదది పరికరం, ఇప్పుడు బీదది నిల్వ. అందుచేత ఏది వదులుకోవాలో ఎవరో నిర్ణయించక తప్పదు, మనం నిర్ణయించకపోతే ఆ పని డిఫాల్ట్ చేసేస్తుంది. ప్రోమీథియస్ తనంతట తాను దాచేది 15 రోజుల లెక్కలే. ఆ ఒక్క సెట్టింగు మార్చడం మరచిన ఆన్‌లైన్ దుకాణం, నిరుడు దసరా అమ్మకాల రోజు సర్వర్లు ఎంత తట్టుకున్నాయో చూసి ఈ ఏడు ఎన్ని పెట్టాలో లెక్క వేసుకుందామనుకుంటే, తెర మీద గడి ఉంటుంది, అందులో గీత ఉండదు.