కాటా మీద తూగని లేత్ మిషన్

ఈసారి ఎపిసోడ్ రామచంద్రపురం నుంచి. మా మావయ్య తన లేత్ షాపు మూసేస్తున్నారు. ఎన్నో ఏళ్ళు రైస్ మిల్లు షాఫ్టులు, బుష్‌లు చేసిన మిషన్ అది. పాత ఇనుము కొనేవాళ్ళు వచ్చి కేజీ లెక్కన రేటు చెప్పారు. "ఏరా అల్లుడూ, దీని విలువ ఇంతేనా?" అన్నారు మావయ్య. బీటెక్ చదివాను, కోడ్ రాశాను, కానీ ఆ రోజు నా దగ్గర సమాధానం లేదు. అందుకే చరిత్రలోకి వెళ్ళాను.

1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే లేత్‌కి మూడు విషయాలు కలిపాడు: పనిముట్టుని పట్టుకునే స్లైడ్, పొడవాటి లీడ్ స్క్రూ, మార్చుకునే గేర్లు. అప్పట్నుంచి మర కోయడం చేతి నేర్పు మీద కన్నా మిషన్ కచ్చితత్వం మీద ఆధారపడింది. ఒక లేత్ లీడ్ స్క్రూని ఇంకో లేత్ మీదే కోస్తారు. అంటే మనం కొనేది ఇనుము కాదండీ, తరాలుగా చేతులు మారిన కచ్చితత్వం.

మన దగ్గరికి వస్తే, 1941లో హరిహర్‌లో మైసూర్ కిర్లోస్కర్, 1943లో సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్, 1953లో బెంగళూరులో హెచ్ఎంటీ మొదలయ్యాయి. 1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది. కానీ అంతకుముందు వచ్చిన ఇంజన్లు, పంపుల మరలు ఇంచీల్లోనే ఉండిపోయాయి. రిపేరు షాపులకి రెండూ కావాలి.

ఇక్కడే అసలు కిటుకు. ఒక ఇంచీ అంటే 25.4 మిల్లీమీటర్లు, అంటే 127ని 5తో భాగిస్తే వచ్చేది. ఇంచీ లీడ్ స్క్రూ మీద మిల్లీమీటర్ మర కచ్చితంగా కోయాలంటే 127 పళ్ళ గేరు కావాలి. 127 ప్రధాన సంఖ్య కాబట్టి ఇంకా చిన్న గేరుతో లెక్క సరిపోదు.

మావయ్య మిషన్ గేరు చార్టు ఇంచీల్లోనే ఉంది. గేర్లు ఏవని అడిగితే, మూలన తుక్కు గోనెసంచిలో ఉన్నాయన్నారు! తీసి పళ్ళు లెక్కపెట్టాం. 127 దొరికింది.

తర్వాత బెడ్ చూశాం. చక్ దగ్గర క్యారేజ్‌ని ఊగకుండా బిగించి, టెయిల్‌స్టాక్ వైపు జరిపాం. అక్కడ పట్టేసింది. అంటే చక్ దగ్గర బెడ్ అరిగింది. ఎక్కువ పని అక్కడే జరుగుతుంది కదా. మావయ్య మొహం కొంచెం వాడింది. అయినా దాచలేదు.

కొనడానికి వచ్చిన కుర్రాడు ఒకప్పుడు మావయ్య దగ్గర పని నేర్చుకున్నవాడే. ఆయన అరుగుదల చూపించారు, మిషన్ ఆన్ చేసి గేర్ల చప్పుడు వినిపించారు, ఒక మర కోసి చేతిలో పెట్టారు. అరుగుదలకి కొంత తగ్గించారు, గేర్లకి కలిపారు. బేరం కుదిరింది, కాటా అవసరం రాలేదు.

మీ ఇంట్లో, మీ వీధిలో పాత లేత్ ఉంటే, రంగు చూసి మోసపోకండి, బరువు చూసి అమ్మేయకండి. ముందు ఆ గోనెసంచి విప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!