తగిన పని: ఒక మాట వెనుక డెబ్బదిమూడేండ్లు

‘ఆటిజం’ అన్న మాటకు మూలం గ్రీకులోని ‘ఆటోస్’. అనగా ‘తాను’. హిందీవారు దీనిని ‘స్వలీనత’ అన్నారు. మాట అందంగానే ఉన్నది. కాని, ఆ పిల్లలు పెద్దవారైన పిదప ఏ పని చేసి బ్రతకాలన్న ప్రశ్నకు మన చట్టాలు చాలాకాలం బదులు పలుకలేదు.

1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు పదకొండుమంది పిల్లలను పరిశీలించి వ్యాసం వ్రాశాడు. వారిలో మొదటివాడు మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న పట్టణానికి చెందిన డొనాల్డ్ ట్రిప్లెట్. అతడు 1958లో పట్టభద్రుడై, తన కుటుంబానికి సంబంధమున్న బ్యాంకులో చేరి, దశాబ్దాల తరబడి అక్కడే పనిచేశాడు. 2023లో ఎనుబది తొమ్మిదవ యేట మరణించాడు. ఊరు అతని తీరును ఎరిగి ఆదరించింది. అయితే సొంత బ్యాంకు ఎందరికుంటుంది? తక్కినవారికి చట్టమే దిక్కు.

మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలను పేర్కొన్నది. వాటిలో ఆటిజం లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం దాని పేరు ఎత్తినా, చూపు ప్రధానంగా సంరక్షణపైనే నిలిచింది. 2016 చట్టం ఇరువదియొక్క వైకల్యాలను గుర్తించి, ప్రభుత్వ కొలువులలో నాలుగు శాతం కేటాయించింది. అందులో ఒక శాతాన్ని ఆటిజం గలవారు బుద్ధిమాంద్యం, మానసిక రుగ్మత మొదలైనవి గలవారితో పంచుకోవాలి. కానర్ వ్యాసం నుండి ఇక్కడికి డెబ్బదిమూడేండ్లు!

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో ఎక్కువమందికి అన్నం పెట్టేది సర్కారు కొలువు కాదు. రహదారి వెంబడి దుకాణాలు, బియ్యపు మిల్లులు. వాటికి ఆ శాతం వర్తించదు.

సూర్యాపేటలో నా వద్ద చదివిన విద్యార్థి ఒకడు గణవిభజనలో గురులఘువులు తప్పేవాడు కాదు. పదిమందిలో లేచి పద్యం చదవమంటే మాత్రం వణికిపోయేవాడు. పెద్దవాడయ్యాక కోదాడలో ఒక బట్టలకొట్టులో చేర్చారు. బేరాల రణగొణధ్వనికి తట్టుకోలేకపోయాడు. మూడు వారాలకే “రేపటినుండి రావద్దు” అన్నారు. వాని తండ్రి నా యింటికి వచ్చి, “పంతులుగారూ, మా తరువాత వీని గతి ఏమి?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ తరువాత మిర్యాలగూడలో ఒక మిల్లు యజమాని వానిని తీసుకున్నాడు. యంత్రాల హోరుకు దూరంగా ఒక గది ఇచ్చి, తూకపు చీటీలను పద్దుపుస్తకంతో సరిచూసే పని అప్పగించాడు. చెప్పవలసినదంతా కాగితంపై వ్రాసి ఇస్తాడు. పని వేళలు మార్చడు. ఇంతకు మించి ఆయన చేసినది లేదు. చట్టం ‘సహేతుకమైన సర్దుబాటు’ అన్నది ఇట్టిదానినే. ఇప్పుడు వాడు నెలకొకసారి ఫోను చేసి, “సార్, ఈ నెల లెక్క సరిపోయింది” అని మాత్రం చెప్పి పెట్టేస్తాడు.

మిత్రులారా, మీ ఊరిలో దుకాణమో మిల్లో నడిపే బంధువులుంటే, అక్కడ ఒక మూల నిశ్శబ్దంగా చేయదగిన పని ఏదైనా ఉన్నదేమో విచారించండి.