వెబ్ పటాల లైబ్రరీల డైనమిక్ లోడింగ్

వెబ్‌పేజీ తెరుచుకున్నాక, పటం అవసరమైన క్షణంలోనే దాన్ని గీసే జావాస్క్రిప్ట్ లైబ్రరీని తెప్పించుకునే పద్ధతిని డైనమిక్ లోడింగ్ అంటారు. ఏ ఫైలు ఏ ఫైలు మీద ఆధారపడిందో చూసి, వాటిని వరుసలో తెచ్చే పని మాడ్యూల్ లోడర్‌ది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో వేలమందిని పోగొట్టుకున్న, కృష్ణా జిల్లాలోని దివిసీమ వంటి చోట, ఫోన్‌లో హెచ్చరిక ముందు కనబడుతుందా, పటం కోసం ఆగుతుందా అన్నది చిన్న విషయం కాదు.

తొలి దశ
పేజీని మళ్లీ తెరవకుండానే పటాన్ని వేలితో జరిపినట్టు జరపవచ్చని 2005 ఫిబ్రవరిలో వచ్చిన గూగుల్ మ్యాప్స్ చూపించింది. 2006లో ఓపెన్‌లేయర్స్, 2011లో వ్లదీమిర్ అగాఫోంకిన్ రాసిన లీఫ్‌లెట్ అనే పటాల లైబ్రరీలు వచ్చాయి. హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం 2009 ఆగస్టులో భువన్ అనే పటాల సైటును ప్రారంభించినప్పుడు, త్రిమితీయ దృశ్యం కోసం ప్లగిన్ వేసుకోవలసి వచ్చేది.

అప్పట్లో లైబ్రరీని స్క్రిప్ట్ ట్యాగ్‌తో పేజీలో పెట్టేవారు. లీఫ్‌లెట్ మొత్తం ‘ఎల్’ అనే ఒకే గ్లోబల్ పేరు కింద ఉండేది. దాని అనుబంధ ఫైలు ముందుగా వస్తే, ‘ఎల్’ ఏమిటో తెలియక స్క్రిప్టు అక్కడే ఆగిపోయేది.

లోడర్ల కాలం
2009లో మొదలైన కామన్‌జేఎస్ అనే మాడ్యూల్ పద్ధతి సర్వర్ల కోసం పుట్టింది. బ్రౌజర్‌కు తగినట్టు ఫైళ్లను సమాంతరంగా తెచ్చే ఏఎండీ పద్ధతి ఆ తర్వాత రూపొందింది. జేమ్స్ బర్క్ రాసిన రిక్వైర్‌జేఎస్ అనే లోడర్ దాన్ని వాడుకలోకి తెచ్చింది. ఎస్రి సంస్థ తన ఆర్క్‌జీఐఎస్ పటాల లైబ్రరీని ఇదే పద్ధతి వాడే డోజో అనే జావాస్క్రిప్ట్ టూల్‌కిట్ మీద కట్టింది. కావలసిన మాడ్యూళ్ల పేర్లు జాబితాగా ఇస్తే, అన్నీ చేరాకే పటం గీసే ఫంక్షన్ నడిచేది.

ప్రామాణిక మాడ్యూళ్లు
2015లో మాడ్యూళ్లు (ఈఎస్ మాడ్యూళ్లు) జావాస్క్రిప్ట్ ప్రమాణంలోనే చేరాయి. 2017, 2018 నాటికి ప్రధాన బ్రౌజర్లు వాటిని అందుకున్నాయి. అవసరమైనప్పుడు పిలిచే ఇంపోర్ట్() 2020 ప్రమాణంలోకి వచ్చింది. అది ప్రామిస్‌ను, అంటే పని ఫలితాన్ని తర్వాత తెలిపే వస్తువును, ఇస్తుంది కాబట్టి, లైబ్రరీ అందిందో లేదో ప్రోగ్రామ్‌కు తెలుస్తుంది. ఆర్క్‌జీఐఎస్ 2021లో ఈఎస్ మాడ్యూళ్ల రూపంలోనూ వచ్చింది. 2023లో గూగుల్ తన పటాల లైబ్రరీలను అవసరమైనప్పుడు పిలిచే ‘ఇంపోర్ట్‌లైబ్రరీ’ తెచ్చింది. 2025లో వచ్చిన లీఫ్‌లెట్ 2.0 ఆల్ఫా కూడా ఈఎస్ మాడ్యూళ్లకు మారింది.

ఆచరణ
దివిసీమలోని నాగాయలంక, కోడూరు మండలాల తుఫాను ఆశ్రయాలను చూపే పేజీ ఒకటి అనుకుందాం. గ్రామాల పేర్లు, ఆశ్రయాల చిరునామాలు మామూలు అక్షరాల్లో వెంటనే రావాలి. ‘పటం చూడండి’ మీట నొక్కాకే ఇంపోర్ట్() లీఫ్‌లెట్‌ను పిలవాలి. దాని స్టైల్ షీట్ కూడా వెంట రావాలి. లేకుంటే పటం ముక్కలు చెల్లాచెదురుగా పడతాయి. దాచి ఉంచిన పెట్టెలో పటం గీసి ఉంటే, అది బయటపడ్డాక కొలతలు సరిచూసుకోమని లైబ్రరీకి చెప్పాలి.

సరిహద్దుల డేటాను లైబ్రరీతో కలపకూడదు. 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా విడిపోయి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు, కైకలూరు ఏలూరు జిల్లాకు వెళ్లాయి. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ కృష్ణాలోనే ఉన్నాయి. డేటా ఫైలు విడిగా ఉంటే అలాంటి మార్పుకు దాన్నొక్కదాన్నే మారుస్తే చాలు. ఇక గాలివానలో సిగ్నల్ తెగి ప్రామిస్ విఫలమైతే, ఆ సంగతి చెప్పే వాక్యం చూపి, ఆశ్రయాల జాబితాను తెరమీద అలాగే ఉంచాలి. ప్రాణం మీదికి వచ్చినవారికి దారి చెప్పేది ఆ జాబితాయే.