గ్రీకుల ఉపవాసపు వంటిల్లు

కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగి, బతుకుదెరువుకు గ్రీసు వెళ్లి స్థిరపడిన తెలుగువారికి అక్కడి ఆచారాలలో అన్నిటికంటే వింతగా తోచేది ఉపవాస నియమం. ఏకాదశినాడో కార్తీక సోమవారంనాడో అన్నం మానినవారు పాలూ పళ్లూ పుచ్చుకోవడం బెజవాడ ఇళ్లలో అందరూ ఎరిగినదే. గ్రీకు ఆర్థొడాక్స్ క్రైస్తవులు, అంటే రోములోని పోపు పెత్తనాన్ని ఒప్పుకోక కాన్‌స్టాంటినోపుల్ సంప్రదాయంలో నడిచే తూర్పు క్రైస్తవులు, ఉపవాసపు రోజున పాలచుక్క ముట్టరు. పెరుగు, వెన్న, జున్ను, కోడిగుడ్డు, చేప, మాంసం అన్నీ మానేస్తారు. అయితే ఆ రోజునే ఆక్టోపస్, స్క్విడ్, రొయ్యలు, ఆల్చిప్పలు నిరభ్యంతరంగా వండుకు తింటారు. నాగాయలంక రొయ్యల చెరువుల మధ్య పెరిగినవారికి సైతం రొయ్యల కూర వ్రతభోజనం కావడం ఊహకందని సంగతి.

ఈ నియమానికి అక్కడివారు చెప్పే ఆధారం నెత్తురు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ జంతువులను రక్తమున్నవి, రక్తం లేనివి అని రెండు తెగలుగా విడదీసి, చేపలను మొదటి తెగలోనూ ఆక్టోపస్, పీత, రొయ్య, ఆల్చిప్పలను రెండో తెగలోనూ చేర్చాడు. ఉపవాసాచారంలో కనిపించే విభజన కూడా ఇదే: నెత్తురున్న ప్రాణి కూడదు కనుక దాని దేహం నుంచి పుట్టిన పాలూ గుడ్డూ కూడా కూడవు. ఆక్టోపస్ రక్తంలో ఇనుముకు బదులు రాగి ఉన్నందువల్ల అది నీలంగా ఉంటుందని నేటి శాస్త్రం చెబుతున్నా, కోసినప్పుడు ఎర్రని నెత్తురు కనబడకపోవడమే ఆచారానికి చాలింది. ప్రాణిని చంపకుండా దొరికేవి కనుక పాలు పవిత్రమని తెలుగువారు భావించగా, ప్రాణి దేహం నుంచి వచ్చినవి కనుక పాలు వర్జ్యమని గ్రీకులు భావించారు. ఒకే ప్రశ్నతో బయలుదేరిన రెండు సమాజాలు ఇంత ఎదురెదురు జవాబులకు చేరడం ఎంత ఆలోచించినా ఆశ్చర్యంగానే ఉంటుంది. అయితే ఈ తర్కానికి లొంగని వంటకం ఒకటుంది. ఈస్టరుకు ముందు వచ్చే పెద్ద ఉపవాసం మొదలయ్యే సోమవారంనాడు గ్రీకులు ఊరి బయట గాలిపటాలు ఎగరేసి, లాగానా అనే పలుచని రొట్టెతో తరమోసలాతా తింటారు. ఇది ఉప్పులో ఊరిన చేపగుడ్లను నూనె, నిమ్మరసం, రొట్టె లేదా బంగాళాదుంపతో కలిపి నూరిన ముద్ద. చేప కూడని దినాన చేపగుడ్లు ఎలా కూడాయో ఏ సూత్రమూ తృప్తిగా వివరించదు.

పెద్ద ఉపవాసం 48 రోజులు. క్రిస్మసుకు ముందు నవంబరు 15 నుంచి 40 రోజులు, మేరీమాత పండుగకు ముందు ఆగస్టు 1 నుంచి 14 వరకు, ఇవి కాక ఏడాది పొడవునా దాదాపు ప్రతి బుధవారమూ శుక్రవారమూ ఉపవాసాలే. అన్నీ కలిపితే నిష్ఠగా ఉండేవారికి ఏడాదిలో ఇంచుమించు సగం రోజులు అవుతాయి. విదేశీ యాత్రికులు గ్రీకు భోజనమంటే ఇనుప చువ్వకు గుచ్చి కాల్చిన మాంసమనుకుంటారు గానీ, ఆ దేశపు అసలు వంటను తీర్చిదిద్దినవి ఈ ఉపవాసాలూ పల్లెల పేదరికమూ. లదెరా అనే శాకాల తరగతి దీనికి మంచి ఉదాహరణ. బెండకాయలనో చిక్కుళ్లనో టమాటా, ఉల్లిపాయలతో కలిపి, ఆలివ్ నూనె ధారాళంగా పోసి, సన్నని సెగ మీద మెత్తగా మగ్గనిస్తారు. బెండకాయ జిగురు విరగడానికి ముందుగా వెనిగర్ చల్లి ఎండలో ఉంచడం అక్కడి ఇల్లాళ్ల పద్ధతి.

ఆక్టోపస్‌ను వండే తీరు చూడదగినది. జాలరి దాన్ని రేవులోని రాతిమీద పదేపదే బాది, నురుగు వచ్చేదాకా రాతికేసి రుద్ది, కండ మెత్తబడ్డాక తాడుమీద బట్ట ఆరేసినట్టు ఎండకు వేలాడదీస్తాడు. ఇంట్లో దాన్ని నీళ్లు పోయకుండా గిన్నెలో పెట్టి మూతవేస్తే అది తన ఊటలోనే ఉడికి ముదురు ఊదారంగుకు తిరుగుతుంది. క్రీస్తును శిలువ వేసిన శుక్రవారంనాడు మాత్రం ఆ ముచ్చటకూ చోటు లేదు. ఆ రోజు నిష్ఠాపరులు ఆలివ్ నూనె కూడా మాని, నూనె లేని పప్పుచారులో వెనిగర్ పోసుకుని తాగుతారు. శిలువపై క్రీస్తుకు అందించిన పులిసిన ద్రాక్షరసానికి అది గుర్తు. కొన్ని ఇళ్లలో నువ్వులు నూరిన ముద్దతో చారు కాస్తారు.

పొలాల గట్లమీద మొలిచే ఆకుకూరలను ఏరుకోవడం గ్రీకు పల్లెల్లో నేటికీ ఉంది. తోటకూర జాతి ఆకును ఉడకబెట్టి నూనె, నిమ్మరసం పిండుకుంటారు. గంగపావిలి కూరను పచ్చిగానే టమాటా ముక్కలతో కలుపుకుంటారు. 1941-42 శీతాకాలంలో జర్మనీ, ఇటలీ సేనల ఆక్రమణవల్లా బ్రిటిషువారి సముద్ర దిగ్బంధంవల్లా ఏథెన్సులో వేలాదిమంది ఆకలితో చనిపోయినప్పుడు, ఎందరో కొండగట్లమీది ఈ ఆకులతో ప్రాణం నిలుపుకున్నారు. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చేసిన డొక్కల కరువు కథలు పెద్దల నోట విన్నవారికి ఆ శీతాకాలం పరాయి చరిత్రగా అనిపించదు.

అంతకు ముందే మరో విపత్తు ఆ వంటింటిని సుసంపన్నం చేసింది. 1923 నాటి లోజాన్ ఒప్పందం ప్రకారం గ్రీసు, టర్కీలు మతాన్నిబట్టి జనాన్ని మార్చుకున్నాయి. అంతకు ముందు ఆ రెండు దేశాల మధ్య జరిగిన యుద్ధకాలపు వలసలతో కలిపి సుమారు 12 లక్షలమంది ఆర్థొడాక్స్ క్రైస్తవులు ఆసియా మైనరు నుంచి కట్టుబట్టలతో గ్రీసు చేరారు. వారు జీలకర్ర, దాల్చినచెక్కల వాసననూ, మన గుత్తి వంకాయలాగే కాయను చీల్చి ఉల్లి, వెల్లుల్లి కూరి నూనెలో మగ్గించే ఇమామ్ బైల్దీనీ వెంట తెచ్చారు. కానీ అదే కాలంలో ఐరోపా వంటలు నేర్చి వచ్చిన నికొలావోస్ చెలెమెంతెస్ (1878-1958) తన వంటల పుస్తకంలో మసాలాలను, వెల్లుల్లిని, నూనెను తూర్పుదేశాల మకిలిగా ఎంచి, వాటి స్థానంలో వెన్ననూ, పాలూ మైదాతో కాచిన తెల్లని సాసునూ ప్రవేశపెట్టాడు. నేడు లోకమంతా గ్రీకుల సొంతమనుకునే ముసాకా అనే వంకాయ వంటకం పైన తెల్లని పొర అతని చేతి చలవే. దానికి రుచి లేదని చెప్పలేము గానీ, శతాబ్దాల ఉపవాసాలు నేర్పిన నూనె వంటను నాగరికులు చిన్నచూపు చూసేలా చేసిన ఆ పుస్తకం వల్ల కలిగిన నష్టం చిన్నది కాదు.

ఈ రెండు సీమల మధ్య ఇంత దూరమున్నా, ప్రాచీన గ్రీకులకు కృష్ణాతీరం తెలియనిది కాదు. క్రీ.శ. 1వ శతాబ్దంలో సముద్ర వర్తకుల కోసం గ్రీకులో రాసిన పెరిప్లస్ గ్రంథం ఈ సీమను మసాలియా అని పేర్కొని ఇక్కడి సన్నని వస్త్రాలను ప్రస్తావించింది. తరువాతి శతాబ్దపు భూగోళ రచయిత టాలమీ పేర్కొన్న రేవులలో ఒకదాన్ని, శాసనాలలో కంటకసోలగా కనిపించే ఘంటసాలగా పండితులు గుర్తించారు. బట్టల సంగతీ రేవుల సంగతీ రాసినవారు ఇక్కడివారు ఏ అన్నం తినేవారో ఒక్క ముక్క రాసి ఉంటే ఎంత బాగుండేదో!

నవంబరు 15 నాటి క్రిస్మసు ఉపవాసం సాధారణంగా కార్తీకమాసంలోనే మొదలవుతుంది. ఏథెన్సు రొట్టెల అంగళ్లలో ఉపవాసపు పలహారాలు వేరుగా పేర్చే ఆ రోజుల్లో, అక్కడి తెలుగువారికి బెజవాడ దుర్గాఘాట్ స్నానాలూ, నాగులచవితి చిమ్మిలీ, చుక్కలు పొడిచాక విస్తరి ముందు కూర్చోవడమూ గుర్తుకు రాకుండా ఉండవు. శాకాహారులకు గ్రీసులో భోజనం సులువయ్యే కాలం కూడా అదే. కాకపోతే ఉపవాసపు వంటకమని చెప్పినంత మాత్రాన నమ్మక, అందులో రొయ్య, స్క్విడ్ లేవని అడిగి తెలుసుకోవాలి. ఆ వంటకాలతో పెరుగు మాత్రం రాదు. గుడ్డలో వడగట్టి గడ్డకట్టించిన గ్రీకు పెరుగు ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది కనుక, డెల్టా మనిషి దాన్ని విడిగా కొని ఇంటికి తెచ్చుకుని, కాసిని నీళ్లు పోసి చిలికి, చివరి ముద్ద అందులో కలుపుకుంటాడు.